నాలుగు దారుల టేపు

మన యిండ్లలో అటకమీద ఒక రేకుపెట్టె, అందులో పాత కాసెట్లు కొన్ని ఉండకపోవు. వాటిని కంప్యూటరులోనికి ఎక్కించుట ఎట్లాగని అడిగేవారికి, మామూలు కాసెట్టయితే చెప్పవలసినది అంతగా లేదు. మాకు చిక్కినది మామూలుది కాదు. అందుకే ఈ నాలుగు మాటలు.

1989లో మా చిన్నాయన బయటిదేశపు కొలువునుండి వస్తూ నాలుగు ట్రాకుల రికార్డరొకటి తెచ్చినాడు. కాసెట్టుతో నడిచే ఇట్టి యంత్రాన్ని జపానులోని టియాక్ కంపెనీ 1979లో 'పోర్టాస్టూడియో' అనే పేరుతో తెచ్చినది. నాలుగు మైకుల శబ్దము ఒకే కాసెట్టుమీద నాలుగు వేరు వేరు దారులలో పడుతుంది. పరగోడులో మా యింటి పడసాలలో ఒక రాత్రి కైవారం తాతయ్యగారి తత్త్వాల భజన పెట్టించి, ముందు పాడేవారికొక మైకు, హార్మోనియానికొకటి, ఆడవారి వంతపాటకొకటి, మృదంగానికీ తాళాలకూ కలిపి ఒకటి అమర్చినాడు. కాసెట్టుమీది చీటీలో 'బాగేపల్లి తాలూకు, కోలారు జిల్లా' అని కన్నడ అక్షరాలలో ఉన్నది. చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడినది 2007లో గదా! ఆ రికార్డరు ఏనాడో మూలబడినది. ఆనాడు పాడినవారిలో ఇప్పుడు మిగిలినవారు ఇద్దరే.

మొదట పట్నంలో ఒక దుకాణంలో ఇచ్చినాము. వారం తర్వాత దుకాణదారు, "ఒకవైపు రాక్షసులు మూలిగినట్లున్నది, రెండోవైపు ఏ భాషో తెలియదు. టేపు చెడిపోయింది, పారవేయండి" అన్నాడు. పైకము మాత్రము పుచ్చుకొన్నాడు.

టేపు చెడలేదు. మామూలు స్టీరియో కాసెట్టులో కూడా ఉన్నవి నాలుగు దారులే. రెండు ఒకవైపుకు, రెండు తిరగవేసినప్పుడు. నాలుగు ట్రాకుల యంత్రము ఆ నాలుగింటినీ ఒకే దిక్కుగా వాడుకొంటుంది. అందుచేత మామూలు డెక్కులో కాసెట్టు తిరగవేస్తే ఆ సగము తుదినుండి మొదటికి వినబడుతుంది. ఇక మూలుగు సంగతి. మామూలు కాసెట్టు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. చిన్నాయన యంత్రము దానికి రెట్టింపు వేగముది. అక్కడ పట్టినది ఇక్కడ వేస్తే సగము వేగము, ఒక స్థాయి కింద శ్రుతి. మా అవ్వ గొంతు ఘటోత్కచుని గొంతయినది! అరవై నిమిషాల కాసెట్టులో ఈ లెక్కన పట్టేది పదిహేను నిమిషాలే.

ఈ రెండు చిక్కులూ కంప్యూటరుకు లెక్కలోనివి కావు. ఆడాసిటీ అనే ఉచితపు సాఫ్టువేరు 2000 సంవత్సరమునుండి ఉన్నది. అందులో శబ్దాన్ని తలక్రిందులు చేయవచ్చును, వేగము రెట్టింపు చేయవచ్చును. డెక్కు తలను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదితో తుడిచి, లైన్ అవుట్ నుండి కంప్యూటరు లైన్ ఇన్‌కు తీగ కలిపినాము. మైకు రంధ్రములో దూర్చరాదు సుమా, శబ్దము పగిలిపోతుంది. లాప్‌టాప్ చార్జరు తగిలించి ఉంటే కరెంటు ఝుంకారము వినవచ్చినది. చార్జరు తీసి బాటరీమీద నడిపితే పోయినది.

అసలు కష్టము అతుకులో ఉన్నది. రెండు వైపులనూ వేరు వేరుగా ఎక్కించినాము గదా, ఏ డెక్కూ రెండుసార్లు ఒకే వేగముతో నడవదు. వెయ్యింట ఒక పాలు తేడా వచ్చినా పది నిమిషాలకు అర సెకనుకు పైబడుతుంది. తాళము ఒక దారి, పాట ఒక దారి! అయితే అందరూ ఒకే పడసాలలో కూర్చున్నందున తాళపు దెబ్బ నాలుగు మైకులలోనూ ఎంతో కొంత పడినది. ఆ దెబ్బలను గురుతుగా పెట్టుకొని, కొంచెము కొంచెముగా లాగి సరిచేసినాము. దీనికి ఆరు ఆదివారాలు పట్టినవి.

వంతపాట దారిని ఒంటరిగా పెట్టి విన్నప్పుడు, రెండు తత్త్వాల నడుమ మా అవ్వ మాట దొరికినది. "ౘాలు లేరా, పిల్లోళ్ళు నిద్రపోతాండారు. బిరీన మంగళం పాడండి." నాలుగూ కలిపి వింటే హార్మోనియం కింద ఇది అణగిపోతుంది. నిద్రపోతున్న ఆ పిల్లలలో మేమూ ఒకరము.

మా తాలూకాలో ఇంటి మాట తెలుగు, బడి చదువు కన్నడము. తాతయ్యగారి తెలుగు తత్త్వాలను మేము చదువుకొన్నది కూడా కన్నడ లిపిలోనే. అందుకు విచారమేమీ లేదు, లిపి ఏదైతేనేమి! కాని అవ్వ 'ౘాలు' అన్నప్పటి ఆ చకారము కన్నడ అక్షరంలో పడదు. మా అబ్బాయి దానిని విని, "నాయనా, అవ్వకు పండ్లు లేవా?" అని అడిగినాడు. ఉండినవి, అన్నీ ఉండినవి.

వాడే ఒకనాడు, "ఈ బుస తీసేసి, కొంచెం ఎకో కలిపి, ఒకే పాటగా చేసి బంధువుల ఫోన్లకు పంపుదాం" అన్నాడు. తీసి చూపించినాడు కూడా. బుసతోపాటు అవ్వ ఊపిరీ పోయినది, 'ౘాలు' మొదటి సగమూ పోయినది. ఆఫీసులో అసలు కాగితము దస్త్రంలో భద్రము చేసి, గీతలన్నీ నకలుమీదనే గీయుట మాకు ఇరువదేండ్ల అలవాటు. ఇక్కడా అంతే. నాలుగు దారులూ ఎక్కినవి ఎక్కినట్లు విడివిడిగా, దిద్దకుండా రెండు డిస్కులలో ఉంచినాము. ఒకటి మా యింట, ఒకటి బెంగుళూరులో చిన్నాయన కూతురింట. ఫోన్లకు పోయినది నకలు. దానికి ఎకో కలిపినా మాకు అభ్యంతరము లేదు.

రెండవ కాసెట్టు ఇంకా ముట్టలేదు. టేపును తలకు ఒత్తిపట్టే మెత్త ఊడిపోయినది, పైగా ఆ పెట్టెకు మరలు లేవు, అంటించినది. దానిని కోసి, చుట్టలను వేరొక పెట్టెలోనికి మార్చవలెను. రెట్టింపు వేగముగల నాలుగు ట్రాకుల యంత్రము దొరికితే నాలుగు దారులూ ఒకేసారి తీసుకొనవచ్చును, తిరగవేత లేదు, అతుకు లేదు. పాఠకులలో ఎవరియింటనైనా అట్టిది పనిచేసే స్థితిలో ఉంటే పత్రికవారికి తెలుపగోరుచున్నాము. ఒక ఆదివారము చాలును, మేమే వచ్చి అక్కడనే ఎక్కించుకొని పోగలము.