రంగు చూసి వరస కలపరాదు

ఫ్లోరిడా అనగానే మనవాళ్లకు మయామీ సముద్రతీరమూ, కేప్ కెనావెరల్ రాకెట్లూ గుర్తుకు వస్తాయి. ఆ రాష్ట్రానికే పడమటి గట్టున, లీ కౌంటీలో, పైన్ ఐలండ్ అని ఒక దీవి వుంది. పొడవు సుమారు పదిహేడు మైళ్లు. చుట్టూ మడ అడవులే గాని స్నానాలకు పనికివచ్చే ఇసుక తీరం లేదు. అందుచేత షికారు జనం తాకిడి తక్కువ. ఫోర్ట్ మైయర్స్ వైపు నుంచి వచ్చే రోడ్డు మాట్లషే అనే జాలరిపేట మీదుగా దీవిలో ప్రవేశిస్తుంది. 2022 సెప్టెంబరు 28న వచ్చిన ఇయన్ తుఫాను ఈ దారిని తెంపివేస్తే, కొద్ది రోజులలోనే మళ్లీ అతికించారు. మామిడి తోటలకు పేరుపడ్డ దీవి ఇది. నూజివీడు నుంచి వెళ్లినవాడికి ఆ తోటలు చూస్తే ప్రాణం లేచి వస్తుంది!

అయితే పాములను పెంచేవారి లోకంలో ఈ దీవికి పేరు వచ్చింది మామిడిపండ్ల వల్ల కాదు, ఒక బూడిదరంగు పాము వల్ల.

పాములను పెంచడమేమిటి అని ముక్కున వేలు వేసుకోకండి. అమెరికాలో కుక్కలనూ పిల్లులనూ పెంచినట్టే పాములనూ పెంచుతారు. వాటిలో ముందు చెప్పుకోవలసినది కార్న్ స్నేక్, అంటే మొక్కజొన్న పాము. మన జెర్రిపోతుకు దూరపు చుట్టం. విషం లేదు. మూడు నుంచి అయిదు అడుగుల పొడవు. ఎలుకలను చుట్టచుట్టి నలిపి తింటుంది. మొక్కజొన్న గాదెల దగ్గర ఎలుకల కోసం తిరుగుతుంది గనక ఆ పేరు వచ్చిందని కొందరూ, పొట్టమీది నలుపు తెలుపు గళ్లు రంగురంగుల జొన్నపొత్తులా వుంటాయి గనక వచ్చిందని కొందరూ అంటారు. అడవిలో దొరికే పాముకు నారింజవన్నె వొంటిమీద ఎర్రటి మచ్చలు, వాటి చుట్టూ నల్లటి అంచు.

వాల్డోస్టా డాక్టరు

దీవిపాము సంగతి తెలియాలంటే ముందు మనం మూడు వందల మైళ్లకు పైగా ఉత్తరానికి, జార్జియా రాష్ట్రపు సరిహద్దులో వున్న వాల్డోస్టా పట్టణానికి వెళ్లాలి. అక్కడ బెర్నార్డ్ బెక్టెల్ అనే చర్మవైద్యుడు వుండేవాడు. మనుషుల చర్మం చూసి చూసి ఆయన దృష్టి పాముల చర్మం మీద పడింది. 1953లో ఉత్తర కరోలినాలో నలుపు బొత్తిగా లేని ఒక మగ కార్న్ స్నేక్ దొరికింది. దాని పిల్లలు చూడటానికి మామూలు పాములే. కాని వాటి కడుపున, 1961లో, తాతగారి రంగు మళ్లీ బయటపడింది. కళ్లు సైతం ఎర్రన. ఒక తరం దాగివుండి మరో తరంలో తేలే గుణమిదని ఆ విధంగా రుజువైంది. ఈ రకానికి అమెల్ అని పేరు. జెనీవా విశ్వవిద్యాలయం వారు 2015లో దీనికి కారణమైన జన్యువును పట్టుకున్నారు. మనుషులలోనూ ఒక రకం బొల్లిపుట్టుకకు అదే జన్యువు మూలం. చర్మవైద్యుడి చేతిలో మొదలైన కథ మళ్లీ మనుషుల చర్మం దగ్గరికే వచ్చిందన్నమాట!

రెండు బూడిదరంగులు

ఇక వాల్డోస్టా నుంచి డెబ్బై అయిదవ నంబరు రహదారి పట్టుకుంటే అది టాంపా మీదుగా తిన్నగా మనలను ఫోర్ట్ మైయర్స్ చేరుస్తుంది. ఈ నైరుతి ఫ్లోరిడా ప్రాంతంలో అడవిలోనే ఎరుపు లేని కార్న్ స్నేకులు కనిపిస్తాయి. నలుపూ బూడిదా మాత్రమే వుంటాయి. వీటిని అనెరీ అంటారు. 1980 దశకంలో పైన్ ఐలండ్‌లో మరో బూడిద పాము దొరికింది. అందరూ అదీ అనెరీయే అనుకున్నారు. తీరా జత కట్టించి చూస్తే లెక్క కుదరలేదు. దానికి చార్కోల్ అని వేరే పేరు పెట్టవలసి వచ్చింది.

రంగు ఒకటే అయినప్పుడు రకాలు రెండెలా అయినవి? పెడన అద్దకం చీర తలుచుకోండి. చీరమీద ఎరుపు పడలేదంటే రంగు కాచేవాడు రాకపోయి వుండవచ్చు, రంగు వచ్చినా అద్దేవాడు రాకపోయి వుండవచ్చు. చీర చూసి ఎవరు రాలేదో చెప్పలేము. ఈ పాముల సంగతీ అంతే. ఎరుపు తయారుకావడానికి కావలసిన జన్యువులలో అనెరీకి ఒకటి లోపిస్తే, చార్కోల్‌కు మరొకటి లోపించింది.

కంటితో గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు లేకపోలేదు. అనెరీ పెరిగేకొద్దీ గొంతుకింద, మెడ పక్కల పసుపుచాయ తొంగిచూస్తుంది. చార్కోల్‌కు సాధారణంగా అది రాదు. ఈ ఆనవాలు తెల్లపాములలో కూడా పనికివస్తుంది. నలుపు లేని అమెల్‌తో అనెరీ కలిస్తే స్నో, చార్కోల్ కలిస్తే బ్లిజార్డ్. రెండూ తెలుపే. పెద్దయ్యాక స్నో మెడమీద పసుపు పూస్తుంది, మచ్చల జాడలు లీలగా కనిపిస్తాయి. బ్లిజార్డ్ దాదాపు సున్నం కొట్టిన గోడ.

చిక్కు ఎక్కడంటే, పాములు అమ్ముడుపోయేది పసితనంలో. గుడ్డునుంచి వచ్చి నాలుగుసార్లు తిండి తిన్నదంటే బేరానికి సిద్ధం. అప్పటికి పసుపు లేదు, ఏమీ లేదు. కంటితో చూసి కొనేవాడు అమ్మినవాడి మాట నమ్మవలసిందే.

ఆ మాట తప్పయితే ఏమవుతుంది? ఒక అనెరీనీ చార్కోల్‌నూ ఒకే జాతి అనుకుని జత కట్టించారనుకుందాం. పాము ఈడుకు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. తర్వాత గుడ్లు, మరో రెండు నెలల కాపలా. పిల్లలు బయటికి వస్తే అన్నీ ఎర్రనివే! తండ్రిలో లేనిది తల్లి ఇచ్చింది, తల్లిలో లేనిది తండ్రి ఇచ్చాడు. అలాగే తెల్లని స్నోనూ తెల్లని బ్లిజార్డ్‌నూ కలిపితే పుట్టేవి నారింజరంగు అమెల్ పిల్లలు. ఆ ఎర్రపిల్లలు రెంటిని కలిపితే సగటున పదహారింట తొమ్మిది ఎరుపు, ఏడు బూడిద. ఆ ఏడింటిలో అనెరీ ఏదో, చార్కోల్ ఏదో, రెండూ కలిసినది ఏదో పసితనంలో కంటితో చూసి చెప్పడం బ్రహ్మకైనా కష్టం. మూడేళ్ల కష్టం, తిండి ఖర్చు, వంశావళి అన్నీ కలగాపులగం!

అందుకే నమ్మకస్తులైన పెంపకందార్లు పాముకంటే పద్దుపుస్తకాన్ని జాగ్రత్తగా చూసుకుంటారు. ఏ తల్లి, ఏ తండ్రి, ఏనాటి గుడ్డు అన్నీ రాసి వుంటాయి. లోపల గుణం దాగివుండే అవకాశం మూడింట రెండు పాళ్లే అయితే, చీటీమీద "నూటికి 66" అని రాస్తారు గాని, తప్పక వుందని రాయరు. తెలియనిదాన్ని తెలియదని రాసి అమ్మినవాడి దగ్గరికి జనం మళ్లీ వస్తారు.

ఇది చదివి పొలంగట్టున జెర్రిపోతును పట్టి తెచ్చేరు సుమా! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు పాములను పట్టి పెంచడం నేరం. గట్టున వుంటేనే దానివల్ల రైతుకు మేలు.

పైన్ ఐలండ్ తోటలో రేపు ఒక బూడిద పాము మామిడిచెట్టు కిందనుంచి పాకుతూ పోయిందనుకోండి. అనెరీయో చార్కోల్‌ో మెడమీది పసుపు చూసి ఊహించవచ్చు. నిశ్చయంగా చెప్పడానికి మాత్రం కంటిచూపు చాలదు.