రెండుసార్లు కాలిన రొట్టె

బిస్కెట్టంటే మనకు చాయలో ముంచుకునే చిరుతిండి. మహబూబ్‌నగర్‌లో గాని, నల్లగొండలో గాని ఇరానీ హోటల్లో కూర్చుంటే సాసరులో రెండు వచ్చి పడతాయి. “బిస్కెట్టు కాదండీ, బిస్కిట్!” అని దిద్దే పెద్దమనుషులూ అక్కడే తటస్థపడతారు.

ఆ దిద్దుబాటు అక్కరలేదంటాన్నేను. 16వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా ఇంగ్లీషువాళ్లే దీన్ని ‘బిస్కెట్’ అని రాసుకున్నారు. తరువాత ఫ్రెంచి వర్ణక్రమం మీద మోజు పుట్టి, పలకని అక్షరం ఒకటి మధ్యలో ఇరికించారు. మాటకు మూలం లాటిన్. ‘బిస్’ అంటే రెండుసార్లు, ‘కోక్టుస్’ అంటే వండినది. జర్మన్లు తమ మాటల్లో ‘ట్స్వీబాక్’ అన్నారు, అర్థం అదే.

రెండుసార్లు ఎందుకయ్యా అంటే, మొదటిసారికి రొట్టె కాలుతుంది, రెండోసారికి తడి ఆరుతుంది. తడి లేని రొట్టెకు బూజు పట్టదు. నెలల తరబడి సముద్రం మీద ఉండేవాళ్లకు అదే ఆధారం. బ్రిటిషు నౌకాదళంలో మనిషికి రోజుకు పౌను చొప్పున తూచి ఇచ్చేవారు. రాయిలా ఉండేది గనుక నానబెట్టుకుని తినేవారు. అంటే, బిస్కెట్టు ఇల్లు విడిచిపోయినవాడి రొట్టె.

1890లో నిజాం పేరిట మహబూబ్‌నగర్ అని మార్చినా, కూలికి వలసపోయే మనిషికి మాత్రం ‘పాలమూరు కూలీ’ అన్న పేరే నిలిచింది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాక, మా పెదనాయిన కూడా ఆ పనికే పోయాడు. పోయే ముందునాడు అవ్వ జొన్నరొట్టెలు తట్టి పెనం మీద కాల్చింది. దించి, పొయ్యిరాళ్లకు చేరగిలబెట్టి, నిప్పుల సెగకు పెళపెళలాడేదాకా మళ్లీ కాల్చింది. ఎల్లిపాయ కారంతో కలిపి మూటగట్టి, “ఇంటి రొట్టె ఒడిసేదాంక నువ్వు పరాయి ఊళ్లె లేనట్టే కొడుకా!” అన్నది.

ఆమెకు లాటిన్ రాదు. బిస్కెట్టు ఎందుకు పుట్టిందో మాత్రం తెలుసు.

ఇవాళ దుకాణాల్లో దొరికే బిస్కెట్లు చాలామటుకు ఒక్కసారే కాలతాయి. పేరు వాటికి దక్కింది. ఆ పేరుకు తగ్గ పని జొన్నరొట్టె చేసింది. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలిన సంగతి అందరం చెప్పుకుంటాం. ఆ కట్ట కిందపడిన చెమటలో ఎన్ని మూటల రొట్టె ఉన్నదో మాత్రం ఏ శిలాఫలకమూ చెప్పదు.