ఆ రోజు నన్ను ‘మేడమ్’ అన్నాడు

మా ఆఫీసులో శుక్రవారం అంటే బయటి తిండి రోజు. ఆ శుక్రవారం టీమ్ మొత్తానికి బర్గర్లు ఆర్డర్ పెట్టారు. తీసుకురావడానికి కొలీగ్ కిందికి వెళ్తుంటే తోడుగా నేనూ వెళ్లాను. గేటు దగ్గర బండి ఆగింది. డెలివరీ అబ్బాయి హెల్మెట్ తీయకుండానే బ్యాగు జిప్పు తెరిచాడు. అతని చేతికున్న ఎర్రదారం చూడగానే నా గుండె ఝల్లుమంది. అది యాదగిరిగుట్టలో నేనే కట్టించిన దారం.

వాడు మా తమ్ముడు.

బీటెక్ థర్డ్ ఇయర్. కాలేజీ అయ్యాక ఫ్రెండ్ రూమ్‌లో చదువుకుంటున్నానని ఇంట్లో చెప్పేవాడు. వాడూ నన్ను చూశాడు. ఒక్క క్షణం ఇద్దరం ఆగిపోయాం. పక్కనే కొలీగ్ ఉంది. నేను చేయి చాపి కవర్లు అందుకుని, “థాంక్యూ” అన్నాను. ఎవరో తెలియని మనిషికి చెప్పినట్టే. వాడు కూడా తల వంచి, “ఓకే మేడమ్” అని బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఆ బర్గర్ నాకు గొంతు దిగలేదు.

ఇంటికొచ్చాక వాడేం మాట్లాడలేదు. నేనూ ఏం అడగలేదు. అడగాల్సింది నేను కాదు కదా. ‘ఎందుకు చెప్పలేదు’ అని నేనంటే, ‘నువ్వెందుకు పలకరించలేదు’ అని వాడంటాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. అలా మూడు వారాలు గడిచాయి. ఛార్జర్ ఎక్కడుంది, గ్యాస్ బుక్ చేశావా... అంతవరకే మాటలు.

నాలుగో ఆదివారం పొద్దున్నే మటన్ షాపుకి వెళ్లి ముప్పావు కిలో ఖీమా తెచ్చాను. క్షమించమని నోటితో అడగడం నాకు చేతకాదు. వంట కూడా పెద్దగా రాదు. కానీ రోజూ బర్గర్లు మోసే వాడికి, ఒక్క పూటైనా కూర్చోబెట్టి తినిపించాలనిపించింది.

యూట్యూబ్‌లో చూస్తే చాలా ఈజీగా ఉంది. ఖీమా కడిగి, ఉల్లిపాయ ముక్కలు, అల్లం వెల్లుల్లి, ఉప్పు, కారం అన్నీ వేసి చపాతీ పిండిలా బాగా పిసికాను. రెండు ప్యాటీలు ఒత్తి పెనం మీద వేశాను. రెండు నిమిషాల్లో నీళ్లు ఊరాయి. తిప్పబోతే ముక్కలు ముక్కలైంది. రెండోదీ అంతే.

అమ్మ వచ్చి చూసి, “ఖీమా వేపుడు మంచిగనే చేసినవ్ బిడ్డా” అంది.

“అమ్మా, అది బర్గర్!”

“గట్లనా? ఖీమా ఉండ మీద ఎవరో పీటేసుకుని కూసున్నట్టుంటదే, గదేనా?”

లోపల మంచం మీద ఫోన్ చూసుకుంటున్న వాడికి నవ్వొచ్చినట్టుంది. లేచి వచ్చి గిన్నెలోకి తొంగి చూశాడు.

“ఖీమా కడిగినవా అక్కా?”

“కడగకుండా ఎట్ల వండుతరు?”

“కడగాలంటే ముక్కగా ఉన్నప్పుడే కడిగి, తుడిచి, తర్వాత ఖీమా కొట్టించాలె. ఇట్ల కడిగితే నీళ్లు పట్టేస్తది.”

మిగిలిన ఖీమాని శుభ్రమైన పల్చటి బట్టలో వేసి గట్టిగా పిండాడు. గ్లాసులో మూడొంతులు నీళ్లు దిగాయి. అమ్మ ఏమీ అనకుండా పుట్నాల పొడి రెండు చెంచాలు తెచ్చి అందులో కలిపింది. ఖీమా ఉండలకి ఆమె ఎప్పుడూ వేసేదే. మేకమాంసంలో కొవ్వు తక్కువ కాబట్టి విడిపోకుండా ఆ పొడి పట్టి ఉంచుతుందట. షాపులోనే కాస్త కొవ్వు కలిపి కొట్టమని అడగాల్సిందని తర్వాత చెప్పింది.

ఇవన్నీ నీకెలా తెలుసని తమ్ముణ్ని అడిగాను. తల ఎత్తకుండానే చెప్పాడు.

“ఆర్డర్ రెడీ అయ్యేదాకా కౌంటర్ దగ్గర నిలబడాలె కదా. ఒక్కోసారి ఇరవై నిమిషాలు. కిచెన్ కనబడుతది. చూస్తుంటా.”

ఆ ఇరవై నిమిషాల్లో వాడు నేర్చుకున్నదంతా మా వంటింట్లోకి వచ్చింది. ఎక్కువ పిసకొద్దు, రబ్బరులా అవుతుంది. ఉప్పు ముందే కలిపినా అంతే, పెనం మీద వేసే ముందు పైన చల్లాలి. ప్యాటీ బన్ను కంటే కొంచెం వెడల్పుగా ఒత్తాలి, కాలితే కుంచించుకుపోతుంది. మధ్యలో బొటనవేలితో చిన్న గుంట పెట్టాలి, లేకపోతే పూరీలా ఉబ్బుతుంది. అర్ధకిలోకి నాలుగు ప్యాటీలు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, వేడెక్కిన ఇనుప పెనం మీద వేయాలి. వేశాక గరిటెతో అదమకూడదు, రసమంతా పోతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం నేను చదివి చెప్పాను. ముక్క మాంసానికి క్రిములు ఎక్కువగా పైపైనే ఉంటాయి. ఖీమా కొట్టినప్పుడు అవి లోపలికీ కలిసిపోతాయి. అందుకే మధ్యలో కూడా 71 డిగ్రీల సెల్సియస్ వేడి తగలాలి. చికెన్ ఖీమా అయితే 74. మా ఇంట్లో థర్మామీటర్ లేదు. ఒక్కోవైపు ఐదేసి నిమిషాలు కాల్చి, ఒకటి విరిచి లోపల పచ్చి లేదని చూసుకున్నాం.

“మాక్‌డొనాల్డ్స్ 1996లో ఢిల్లీలో మొదలైనప్పుడు మహారాజా మ్యాక్ మటన్‌తోనే చేసేవాళ్లంట, తెలుసా? చికెన్ తర్వాత వచ్చింది” అన్నాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా.

“ఊఁ” అన్నాడు. బన్నులకి వెన్న రాసి పెనం మీద కాలుస్తున్నాడు. అలా కాలిస్తే రసానికి బన్ను మెత్తబడదట.

అప్పుడు అనేశాను.

“ఆ రోజు గేటు దగ్గర... నేను...”

“అక్కా, ప్యాటీ తిప్పు. మాడుతుంది.”

తిప్పాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత వాడే చెప్పాడు. రెండు సబ్జెక్టులు పోయాయి. ఫీజు కట్టాలి. ఊళ్లో నాన్నకి ఈసారి పత్తి చేతికి రాలేదు. అడగబుద్ధి కాలేదు.

“నీకు నామోషీ అవుతదని నేనే మేడమ్ అన్నా” అన్నాడు.

నా నామోషీని కూడా వాడే మోశాడన్నమాట. ఆ మాటకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఉల్లిపాయ చక్రాలు కోస్తున్నాను కాబట్టి సరిపోయింది.

ప్యాటీలు రెండు నిమిషాలు పక్కన పెట్టి, బన్ను మీద కీరా, ఉల్లిపాయ, కాస్త పుదీనా చట్నీ వేసి నేల మీదే కూర్చుని తిన్నాం. విరిచి చూసినది నేను తీసుకున్నాను. అమ్మ తన ప్యాటీని బన్నులోంచి తీసి అన్నంలో కలుపుకుంది. నాలుగోది వాడి ప్లేట్లో వేసింది. సంగతి విన్నాక ఆమె అడిగింది ఒక్కటే. “ఎండల తిరుగుతున్నవు, నీళ్ల బాటిల్ తీస్కపోతున్నవా?”

ఫీజు నేను కట్టాను. పని మాత్రం వాడు మానలేదు, శని ఆదివారాలకి తగ్గించుకున్నాడు. ఒక శనివారం నాకూ డ్యూటీ పడింది. మధ్యాహ్నం కింద గేటు దగ్గర అదే బండి. ఈసారి పార్శిల్ నాకు కాదు, మూడో అంతస్తుకి. అయినా పరుగెత్తుకుంటూ వెళ్లి నీళ్ల బాటిల్ ఇచ్చాను. వెనకాలే వచ్చిన కొలీగ్ “ఎవరు?” అని అడిగింది.

“మా తమ్ముడు” అన్నాను. కాస్త గట్టిగానే.