ముక్కు దిబ్బడ

జలుబు చేస్తే ముక్కు నిండా చీమిడే అనుకుని తెగ చీదేస్తాం. దారి మూసేది ఎక్కువగా వాపు. లోపలి పొరలో రక్తనాళాలు ఉబ్బుతాయి, ఎంత చీదినా వాపు బయటికి రాదుగా! పడుకుంటే ఇంకా బిగుస్తుంది, అందుకే రాత్రి రెండు దిండ్లు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం మా ఇంట్లో ఇప్పటికీ ఉంటుంది. అందులోని మెంథాల్ వాపును తీయదు. చల్లదనాన్ని పసిగట్టే నరాలను మీటి, గాలి బాగా ఆడుతున్నట్టు అనిపించేలా చేస్తుందంతే. తెలిసీ రాసుకుంటాను, హాయిగా ఉంటుంది మరి.

సెలైన్ చుక్కలు మంచివే. దిబ్బడ తీసే స్ప్రేలతోనే జాగ్రత్త. నిమిషాల్లో తెరుస్తాయి గానీ 3-5 రోజులు మించి వాడితే, ఆపగానే ముక్కు మళ్లీ మూసుకుపోతుంది. ఆవిరి పట్టేటప్పుడు పిల్లల్ని వేడినీళ్ల గిన్నె దగ్గరికి రానివ్వకండి.