బుట్టలోని పిల్లలు

మైలాపూరులో కపాలీశ్వరుని కోనేటికి రెండు వీధుల అవతల ఒక పాత ఇల్లు ఉండేది. ఆ ఇంట్లో కుక్క ఈనినదంటే పిల్లలకు పండుగ. మేడమెట్ల కింద గోనెపట్టా పరచేవారు. బాలింతకు రాగిజావ కాచి పోసేవారు. పది పన్నెండు రోజులకు కూనలు కళ్ళు తెరిచేవి. మూడు వారాలకు తడబడుతూ నడిచేవి. ఆరు వారాలు నిండేసరికి పెద్దల ముఖాలలో పండుగ కళ తప్పేది. ఆరేడు నోళ్ళు! అడిగి తీసుకొనిపోయేవారు ఒకరో ఇద్దరో. వారికైనా మగపిల్లలే కావలె. మిగిలినవి, వాటిలో ఎక్కువ ఆడవి, ఒకనాటి సాయంకాలం వెదురుబుట్టలోకి చేరేవి.

ఈ బుట్ట ఒక్క మైలాపూరుది కాదు. బెజవాడ ఎరుగును, కలకత్తా ఎరుగును, కుక్కను ముద్దుగా సాకిన ప్రతి ఊరూ ఎరుగును. అడుగున పాత పంచెముక్క పరచడం, పక్కన చిన్న ముంతలో పాలు పెట్టడం దయ అనిపించుకొనేది. పిల్లికూనలకు ఆ మర్యాద కూడా ఉండేది కాదు. వాటికి గోనెసంచి చాలు. చంపడం పాపం గనుక ఎవరూ చంపలేదు. బ్రతకడమనే పనిని మాత్రం ఆ కూనల పూచీకే వదిలివేశారు.

ఆ ఇంట్లో బుట్ట మోసే పని పన్నెండేళ్ళ కొడుకుది. 1970ల మాట. దీపాలు పెట్టే వేళ దాటిన తరువాత వాడు చేపల అంగడి వెనుకకు పోయి, బుట్టను గోడవారగా దించి, వెనుకకు తిరిగి చూడకుండా ఇంటికి రావలె. "అక్కడ వాటికి తిండికి లోటుండదురా" అని తల్లి చెప్పేది. అది అబద్ధం కాదు. తిండి నిజంగానే ఉండేది. మూడు ఈతలలో వాడు మోసినవి పద్నాలుగు కూనలు. ఆ లెక్క వాడికి తప్ప ఎవరికీ తెలియదు.

ఏడాది తిరిగిన తరువాత ఒక ఉదయం, బడికి పోతున్న వాడి కంటికి కుక్కలబండి కనబడింది. ఇనుప ఉచ్చు మెడకు బిగించి ఒక ఆడకుక్కను లోపలికి ఎత్తుతున్నారు. దాని ఎడమచెవి తెలుపు, కుడిచెవి నలుపు. వాడి బుట్టలోనిదే. అది వాడిని గుర్తుపట్టినదో లేదో చెప్పలేము. వాడు మాత్రం గుర్తుపట్టాడు. ఇంట్లో ఎవరితోనూ అనలేదు.

చెన్నపట్నంలో వీధికుక్కలను పట్టి చంపడం పందొమ్మిదవ శతాబ్దం నుంచీ సాగిన పని. చివరి దశాబ్దాలలో విద్యుత్తుతో చంపేవారు. బ్లూ క్రాస్ సంస్థ వారు చెప్పిన లెక్కను బట్టి, 1990ల నడిమికి ఆ సంఖ్య రోజుకు 135 దాకా పెరిగింది. కుక్కలూ తగ్గలేదు, పిచ్చికుక్క కాటు జబ్బూ తగ్గలేదు. ఇందులో వింత ఏమీ లేదు. ఒక వీధిలో కుక్కలను తీసివేస్తే, అక్కడి ఎంగిలి విస్తళ్ళు పక్కవీధి కుక్కలను పిలుస్తాయి. కుక్క చూలు మోసేది సుమారు అరవైమూడు రోజులే. ఏడాదికి రెండు ఈతలకు అవకాశమున్నది. చంపేవాడి చేతికన్నా కనేదాని కడుపు వేగిరం. చంపడానికి మారుగా పుట్టుకనే ఆపాలని ఆ సంస్థ 1964 నుంచి చెబుతూ వచ్చింది. నగరపాలక సంస్థ ఆ మార్గానికి ఒప్పుకొన్నది 1996లో, అంటే ముప్పైరెండేళ్ళకు! మద్రాసు చెన్నై అయినదీ ఆ సంవత్సరమే. పేరు మార్చడం సులువైన పని.

తరువాత 2001లో కుక్కల సంతాన నియంత్రణకు కేంద్రప్రభుత్వ నియమాలు వచ్చినవి. వాటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చినవి. 2001 నాటి నియమాలు కుక్కలను రెండు తరగతులుగా విభజించాయి: పెంపుడు కుక్కలు, వీధి కుక్కలు. మొదటివాటికి టీకాలు, సంతాన నియంత్రణ యజమాని బాధ్యత. రెండవవాటికి జీవకారుణ్య సంఘాలు, స్థానిక సంస్థలు కలిసి చూడవలె. చక్కని విభజనే. కాని మేడమెట్ల కింద పుట్టిన కూన మొదటి తరగతినుంచి రెండవ తరగతికి మారడానికి పట్టే కాలం చేపల అంగడి దాకా నడిచే పావుగంట. 2025లో వీధికుక్కల వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయినది. ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలనన్నిటినీ ఆశ్రయాలకు తరలించాలని ఆగస్టు 11న ఉత్తర్వు. శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పిచ్చిపట్టినవాటిని, మీదపడి కరిచేవాటిని మినహాయించి, మిగిలినవాటిని పట్టిన చోటనే వదలాలని అదే నెల 22న సవరణ. దేశమంతా వీధిని గురించి వాదించుకొన్నది. మేడమెట్ల కింద గోనెపట్టా సంగతి ఎత్తినవారు తక్కువ.

ఆ ఇంటి సంగతి ఇంకా ఉన్నది. 1997లో బుట్ట మోసిన కుర్రవాడు నడివయసు గృహస్థు. అతని కూతురు కళాశాలలో చదువుతున్నది. ఇంట్లోని ఆడకుక్క ఒకసారి ఈనినది. మళ్ళీ ఈనకుండా ఆపరేషన్ చేయించాలని ఆ పిల్ల పట్టుపట్టినది. పెద్దావిడ మండిపడినది.

"నోరులేని దాని కడుపు కోయించడానికి మనకు అధికారం ఎవరిచ్చారే?"

"మరి బుట్టలో పెట్టి పంపడానికి ఎవరిచ్చారు, నాయనమ్మా?"

"అది వేరు. అవి ఎక్కడో ఒకచోట బ్రతుకుతవి."

పెద్దావిడ ప్రశ్న తీసివేయదగినది కాదు. ఇద్దరు పిల్లలు చాలునని కోడలికి ఆపరేషన్ చేయించిన ఇల్లే అది; కాని కోడలు సరేనన్నది, కాగితం మీద సంతకం చేసినది. కుక్కను అడిగేదెవరు? ఇక పల్లెలలో కోడెలకు విత్తులు కొట్టించి ఎద్దులను చేయడం తరతరాలుగా ఉన్నదే. దానికి ఎవరూ అధికారం అడుగలేదు. అరక దున్నేది ఎద్దు గనుక అడుగలేదు. అవసరమైనచోట అధికారం దానంతట అదే వస్తుంది. అవసరం లేనిచోట ధర్మసందేహం వస్తుంది. అట్లని ఎద్దు పేరు చెప్పి కుక్క విషయం తేల్చివేయడమూ న్యాయం కాదు.

శస్త్రచికిత్స వల్ల లాభం లేకపోలేదు. పొట్ట మధ్యనో డొక్కలోనో చిన్న గాటు పెట్టి అండాశయాలను, గర్భసంచిని తీసివేస్తారు. వయసు మళ్ళిన ఆడకుక్కలను బలిగొనే, గర్భసంచిలో చీముపట్టే జబ్బు ఇక రాదు. రొమ్ముగడ్డల భయమూ తగ్గవచ్చును. అయితే ఎప్పుడు చేయాలన్నది అన్ని జాతులకూ ఒకటే మాట కాదు: అమెరికాలో డేవిస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో గోల్డెన్ రిట్రీవర్ కుక్కలను పరిశీలించి, ఏడాది నిండకముందే శస్త్రచికిత్స జరిగినవాటిలో కీళ్ళ జబ్బులు ఎక్కువగా కనబడినవని చెప్పారు. పిల్లుల విషయంలో ఆలస్యం పనికిరాదు; ఆరునెలలైనా నిండకముందే పిల్లి చూలు కట్టగలదు. మగకుక్కకు ఈ పని మరీ తేలిక. కాని మగకుక్క యజమాని ఒప్పుకోడు. తనకేదో లోటు జరిగినట్లు ముఖం పెడతాడు. వీధిలోని ఈతలకు తన కుక్క పూచీ లేదన్నట్లే అతని నడవడి.

ఆ రాత్రి భోజనాల దగ్గర వాదం మళ్ళీ మొదలైనప్పుడు కొడుకు అన్నం కలుపుతూ ఆగిపోయాడు. తలెత్తకుండానే అన్నాడు.

"అమ్మా, పద్నాలుగు మోశాను. వాటిలో ఒకదాన్ని బండిలోకి ఎక్కిస్తూ ఉంటే చూశాను. ఒక చెవి తెలుపు."

పెద్దావిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఎప్పుడు?" అని మాత్రం అడిగింది.

మరుసటి వారం కుక్కను ఆసుపత్రికి తీసుకొనిపోయారు. రెండవనాటికే అది గంజి తాగింది. పదకొండవనాడు కుట్లు విప్పారు. అంతా సవ్యంగా జరిగినదని ఇంటివారు అనుకొంటూ ఉండగా, అది ఒక పాతచెప్పును నోట కరచుకొని మెట్లకిందికి పోయి, గోనెపట్టాను కాళ్ళతో గీరి గుండ్రంగా చేసుకొని, చెప్పును పొట్టకు ఆనించుకొని పడుకొన్నది. పాలు కూడా చేపుకొన్నది. ఎద వచ్చి పోయిన కొన్నాళ్ళకు శస్త్రచికిత్స జరిగితే శరీరంలోని రసాలు తటాలున మారి కొన్నిటికి ఇట్లా అవుతుందనీ, కొద్దివారాలలో దానంతట అదే తగ్గుతుందనీ వైద్యుడు చెప్పాడు.

మనుమరాలు చెప్పును తీసివేయబోయింది. పెద్దావిడ ఆమె చేయి పట్టుకొని ఆపింది. తరువాత వంటింట్లోకి పోయి, రాగిజావ కాచడానికి పొయ్యి వెలిగించింది.