లీటరుకు నాలుగు: విజయవాడ ఆటోనగరు

బందరు రోడ్డుమీద బెంజి సర్కిలును, పటమటను దాటి తూర్పుగా సాగిపోవువానికి ఆటోనగరు కంటికి కనబడుటకు ముందే చెవికి వినబడును. మొదట రేకులపై సుత్తిదెబ్బలు, ఆ వెనుక గ్రైండరు కీచుమను రోద, ఆపైన ఎచ్చటనో నిలిపియుంచిన లారీ యింజను గురగురలు. గేటు దాటి లోనికి నడచినంతనే వెల్డింగు నీలికాంతి, కాలిన నూనె వాసన, తడియారని రంగు వాసన, వీనినన్నిటిని మించి డీజిలు వాసన. ఈ కడపటి వాసనతో నాకు బాల్యపరిచయము కలదు. మా మేనమామ కొకప్పుడు పదిచక్రముల లారీ యుండెడిది. ఆయన మా యింటికి వచ్చినప్పుడెల్ల మా అమ్మ అన్నము వడ్డించుటకు ముందు సబ్బుబిళ్ల చేతికిచ్చి నూతికడకు పంపెడిది. ఎంత తోమినను ఆ వాసన పోయెడిది కాదు. కావున ఈ ప్రాంతమును గూర్చి నేను నిష్పక్షపాతముగ వ్రాయుదునని పాఠకులు భ్రమపడవలదు.

చరిత్రను రెండు మాటలలో చెప్పి ముగించెదను. మద్రాసు నుండి కలకత్తాకు పోవు దారియు, హైదరాబాదు నుండి బందరునకు పోవు దారియు (నేటి లెక్కలో 16, 65 సంఖ్యలుగల జాతీయ రహదారులు) బెజవాడలో కలియుచున్నవి. కృష్ణ దాటవలసిన బండి యిచ్చట ఆగును. ఆగినచోట మరమ్మతు పుట్టును. పట్టణపు వీధులలో చెట్లనీడన సాగుచుండిన ఆ మరమ్మతుల నన్నిటిని ఒక్కచోట చేర్చుటకై 1960 దశకమున ఊరి వెలుపల వెలసిన పేటయే నెహ్రూ పేర జవహర్ ఆటోనగరైనది. నాటి ఊరి వెలుపల నేడు ఊరిలో భాగము. ఆసియాలో ఇంతటి ఆటోనగరు మరియొకటి లేదని ఇచ్చటివారు చెప్పుకొందురు. కొలిచి చూచినవారిని నేనెరుగను గాని, ఆ మాట అనునప్పుడు వారి మొగమున వెలుగు మాత్రము స్పష్టముగ చూచితిని.

కేవలము చాసీగా, క్యాబినైనను లేక, పలకపై కూర్చుండిన డ్రైవరు మొగమునకు తువాలు చుట్టుకొని నడుపుకొనివచ్చిన బండి, కొన్నివారములలో బాడీయు, రంగులును, అద్దముల ప్రక్క నల్లదారపు కుచ్చులును, వెనుకభాగమున ఒక నీతివాక్యమును సంతరించుకొని లారీయై వెలుపలికి పోవును. కమాన్‌కట్టలు సరిచేయువారు, రేడియేటర్లు అతుకువారు, టైర్లకు రీట్రేడింగు చేయువారు, పాత లారీలను విప్పి ఇనుమును ఇనుముగ, ఇత్తడిని ఇత్తడిగ అమ్మువారు, అందరును ఇచ్చట కలరు. లారీకి సంబంధించినంతవరకు జననమరణములు రెండును ఈ పేటలోనే జరిగిపోవుచున్నవి.

అయితే ఈ వీధులలో ఏ టీకొట్టు బల్లపై కూర్చున్నను, సంభాషణ ఎచ్చట మొదలైనను, తుదకు చేరునది డీజిలు ధరకే. 2014 అక్టోబరులో కేంద్రప్రభుత్వము డీజిలు ధరపై తన నియంత్రణమును విడిచినది. 2017 జూను 16 నుండి ధర దినదినమును మారజొచ్చినది. అంతకుముందు ధర పెరిగినచో పత్రికలలో పెద్దయక్షరములు, కూడళ్లలో ధర్నాలు. తరువాత పెరుగుట పైసలలో మొదలైనందున కోపపడుటకైనను ఒక నిర్ణీతదినము లేకపోయెను. 2020 జూను 24వ తేదీన ఢిల్లీలో డీజిలు పెట్రోలును మించిపోయినది. 2022లో మార్చి 22 మొదలు ఏప్రిలు 6 వరకు, పదునారు దినములలో, లీటరునకు పది రూపాయలు పెరిగినది. నడుమనడుమ ఎక్సైజు తగ్గించిన మాటయు నిజమే: 2021 నవంబరులో పది రూపాయలు, 2022 మేలో ఆరు. అయినను ఆంధ్రప్రదేశమున 22.25 శాతము వ్యాటు, దానిపై లీటరునకు నాలుగు రూపాయలు, రోడ్ల అభివృద్ధి పేరిట మరియొక రూపాయి చేరుటచేత, మన బంకులలో డీజిలు నూరు రూపాయల గీతకు ఈవలనో ఆవలనో తచ్చాడుచునే యున్నది.

ఈ అంకెలు లారీ యజమానికి ఎట్లు తగులునో తెలిసికొనుటకు ఇచ్చటివారి లెక్కనే పట్టవలెను. పదిచక్రముల లారీ నిండులోడుతో లీటరునకు నాలుగు కిలోమీటర్లు నడచినచో యజమానికి తృప్తి. మూడున్నరకు దిగినచో వానికి నిద్రపట్టదు. విజయవాడ నుండి కలకత్తా సుమారు 1,230 కిలోమీటర్లు. లీటరునకు నాలుగు వంతున 308 లీటర్లు, మూడున్నర వంతున 351 లీటర్లు. ఆ అరకిలోమీటరు తేడాలో, పోవుట యందే, నాలుగువేల పైచిలుకు రూపాయలు పొగయైపోవును. కిరాయి పెంచి దానిని రాబట్టుకొందమన్నచో, కిరాయి నిర్ణయించువాడు లారీవాడు కాడు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ముందు లారీలు బారులుతీరియుండగా, నీవు కాకున్న నీ వెనుకవాడనును బ్రోకరు. దీనికితోడు 2018 జూలైలో పదిచక్రముల లారీ మొత్తము బరువు పరిమితి 25 టన్నుల నుండి 28.5 టన్నులకు పెరిగినది. ఒక్కొక్క లారీ ఎక్కువ సరుకు మోయుట మేలే యనుకొంటిని గాని, ఉన్న సరుకునకు కావలసిన లారీలు తగ్గిపోయినవని ఒక యజమాని వ్రేళ్లు మడచి లెక్కచెప్పిన తరువాతగాని ఆ కిటుకు నాకు బోధపడలేదు.

కిరాయి చేతిలో లేదు, ధర చేతిలో లేదు. చేతిలోనున్నది ఆ నాలుగు కిలోమీటర్లే. కావుననే నేను ఆటోనగరుకు పోయినప్పుడెల్ల రంగుల షెడ్లను, బాడీ షెడ్లను విడిచి ఒక డీజిలు పంపుల గదిలో కూర్చుందును.

అది రెండు మంచములు పట్టునంతటి యిరుకుగది. గోడపై కనకదుర్గమ్మ పటము, దానిక్రింద ఆకుపచ్చ రంగు వెలసిన పరీక్షాయంత్రము. వారు దానిని బెంచి యందురు. బయట ఎంత దుమ్మున్నను లోపల బల్లమీద రవ్వంత దుమ్ము కానరాదు. ఏలయన పంపులోని ప్లంజరునకును, అది కదలు గొట్టమునకును నడుమనుండు ఖాళీ తలవెండ్రుక మందములో పదియవ వంతుకూడ నుండదు. అందు ఇసుకరేణువు దూరినచో పంపు గీతలుపడి నాశనమగును. అరువదేండ్లు దాటిన మేస్త్రి అందుచేతనే చేతులను డీజిలుతో కడిగి, గుడ్డతో తుడువక, గాలికి ఆరబెట్టుకొనును. గుడ్డ నుండి దారపుపోగు రాలునని ఆయన భయము.

పంపును బెంచికి బిగించి మీట నొక్కగానే, ఆరు సిలిండర్లకు బదులుగా నిలిపిన ఆరు గాజుగొట్టములలోనికి నూనె దుముకును. నిర్ణీతమైన దెబ్బలు పడగానే యంత్రము నాపి, మేస్త్రి మోకాళ్లపై వంగి, కంటిని గొట్టముల మట్టమునకు తెచ్చి చూచును. నేను చూచిన దినమున ఐదు గొట్టములలో నూనె సమముగ నున్నది. మూడవదానిలో మాత్రము గోటిమందము ఎక్కువ. నా కంటికది లెక్కలోనిది కాదు. ఆయన మాత్రము నాలుకతో చప్పరించి, పక్కన నిలిచిన డ్రైవరువైపు తిరిగి, “చూశావా తమ్ముడూ, నీ మూడో సిలిండరు ఊరికే తాగేస్తోంది. నువ్వేమో గాలి ఎదురొచ్చిందంటావు” అనెను. డ్రైవరు నవ్వి, “గాలి కూడా ఉంది మేస్త్రీగారూ” అనెను. స్పానరు ఒక పావుచుట్టు తిరిగినది. మరల నూనె దుమికినది. మరల ఆయన వంగెను. ఈ తతంగము ఏడుమారులు జరిగినది. ఏడవమారు ఆరు గొట్టములలోను నూనె ఒకే గీతపై నిలువగా, ఆ గదిలోని మువ్వురము ఒక్కసారిగా ఊపిరి విడిచితిమి.

పంపు పిమ్మట నాజిల్. దానిని చేతిపిడిగల చిన్నపరికరమునకు తగిలించి నొక్కినచో, సూదిమొనకన్న సన్నని రంధ్రముల నుండి డీజిలు మార్గశిరపు మంచువలె చిమ్మవలెను. ముక్కున చుక్క వ్రేలాడినచో అది పనికిరానిది. “చుక్కగా పడితే సగం కాలకుండానే సైలెన్సరు లోంచి పోద్ది బాబూ. నల్లపొగ కనిపిస్తే అది డీజిలే అనుకోండి” అని నాతో చెప్పుచు ఆయన ఒక నాజిలును ప్రక్కకు విసరెను. పొగను జూచి నగరము దగ్గుచున్నది. మేస్త్రి మాత్రము దానిని జూచి లెక్కవేయుచున్నాడు.

ఈ విద్య అస్తమించుచున్నదని చెప్పక తప్పదు. 2020 ఏప్రిలు నుండి బీఎస్-6 అను పొగ ప్రమాణముతో వచ్చు లారీలలో ఈ పంపుల స్థానమున కంప్యూటరు శాసించు కామన్‌రైలు వచ్చినది. దానితోపాటు యాడ్‌బ్లూ అను యూరియా ద్రవమును ప్రత్యేకపు తొట్టిలో పోయవలసివచ్చినది. డీజిలు లెక్కకు ఇదొక చిల్లరలెక్క తోడు. మేస్త్రి కుమారుడు ప్రక్కగదిలో స్కానరు పెట్టుకొని కూర్చుండును. తండ్రి ఆ గదికి పోడు. కుమారుడు లారీకి తీగ తగిలించి తెరపై లోపమును చదువుచున్నాడు, త్వరగనే చదువుచున్నాడు, డబ్బును ఎక్కువే వచ్చుచున్నది. అయినను అచ్చట నాకు గంటసేపు కూర్చుండ బుద్ధిపుట్టలేదు. అది నా లోపమే కావచ్చును.

పంపు ఎంత చక్కగనున్నను తుదకు మైలేజి డ్రైవరు పాదమున నున్నది. అందుచేత పెక్కురు యజమానులు డ్రైవరుతో ముందే ఒప్పందము చేసికొందురు: ఇంత దూరమునకు ఇన్ని లీటర్లు, మిగిల్చినచో ఆ మిగులు డ్రైవరుదే, బేటాతో కలిపి యిత్తురు, మించినచో మాత్రము బేటాలో కోత. ఈ ఒప్పందమువలన గంటకు అరువది దాటని వేగము, టీకి ఆగినప్పుడు యింజను ఆపుట, తెల్లవారకముందే బయలుదేరుట మొదలైన సుగుణములు అలవడినవి. దుర్గుణమును ఒకటి యలవడినది: దిగుడు రాగానే గేరు న్యూట్రలులో వేసి లారీని జారవిడుచుట. బ్రేకులకు అది ప్రాణాంతకమని అందరికిని తెలియును. దానివలన డీజిలైనను మిగులదని మేస్త్రి వాదము. బండి గేరులోనుండగా కాలు తీసినచో పంపు నూనె నియ్యదు; న్యూట్రలులో యింజను తనంతట తిరుగుటకు నూనె కావలెను. ఈ సంగతి ఆయన వచ్చిన ప్రతి డ్రైవరునకు చెప్పును. విన్నవారు తల యూపుదురు. దిగుడులో ఏమి చేయుదురో దుర్గమ్మకెరుక.

ఇక బంకుల ఎంపిక వేరొక శాస్త్రము. మద్రాసునకు పోవు లారీవాడు ఇచ్చట ట్యాంకు నింపడు. తడ దాటువరకు చాలునంత మాత్రము పోయించి, తమిళనాట అడుగిడిన తరువాత నింపుకొనును. లీటరునకు నాలుగైదు రూపాయల తేడా, మూడువందల లీటర్ల ట్యాంకు, అనగా ఒక దినపు భోజనములు, టోలులో కొంతయు గడచినట్లే. బెంగుళూరు దారివారికి కర్ణాటక బంకులు. గోదావరి ప్రాంతమువారికి పుదుచ్చేరికి చెందిన యానాము. సరిహద్దునకు ఈవలనున్న బంకులవారు ఖాళీగ కూర్చుండి ఆవలివైపు బారులను చూచుచుందురు. పన్నుకై పెంచిన ధర పన్నునే సరిహద్దు దాటించుచున్నదని నా యభిప్రాయము. దీనికి ఆర్థికశాస్త్ర పాండిత్యమక్కరలేదు, తడవద్ద అరగంట నిలిచిన చాలును.

మిగిలిన పొదుపులు చెప్పవలెనన్న చాల గలవు. ఖాళీబండిలో లిఫ్టు యాక్సిలు పైకెత్తి రెండు టైర్లను గాలిలో నుంచుట, పట్టా గాలికి ఉబ్బకుండ తాళ్లతో బిగించుట, రీట్రేడు టైర్లు వెనుకకు, కొత్తవి ముందునకు. అన్నిటికన్న పెద్ద పొదుపు ఖాళీగ తిరిగిరాకుండుట. కొల్లేటి చేపను మంచుముక్కలలో పెట్టి హౌరాకు దింపిన లారీ, తిరుగు లోడుకై అచ్చటనే రెండు మూడు దినములు కాచుకొనును; పోవునప్పుడు మంచు కరగునను తొందర, వచ్చునప్పుడు రోడ్డుప్రక్క వంటచెరకుపొయ్యి, దోమలు, ఎదురుచూపు.

2018 జూలై 20 నుండి ఎనిమిది దినములు దేశమంతట లారీలు ఆగినవి. డీజిలును జీఎస్టీలోనికి తేవలెననుట సమ్మెచేసిన యజమానుల ప్రధానమైన కోరికలలో నొకటి. నేటికిని తేలేదు.

మా మేనమామ అప్పటికే లారీ నమ్మివేసెను. 2013 జనవరి నుండి డీజిలు నెలకు అర్ధరూపాయి వంతున పెంచుకొనుటకు నూనెకంపెనీలకు అనుమతి లభించినప్పుడు, అర్ధరూపాయేగదాయని మేమంటిమి. ఆయన బదులు చెప్పక, తన లెక్కలపుస్తకము తెచ్చి మా ముందు పెట్టెను. ఎడమపుటలో కిలోమీటర్లు, కుడిపుటలో లీటర్లు, అడుగున ఎఱ్ఱసిరాతో కిస్తీ. ఆ యేడాది పుటలలో కిస్తీ అంకె మారలేదు, కిరాయి అంకె మారలేదు, డీజిలు అంకె మాత్రము ప్రతినెల మారినది. మరుసటి సంక్రాంతికి ముందు లారీకి బేరము కుదిరినది. కొన్నవాడు లారీని నడిపించుకొనిపోవునప్పుడు, మూడవ గేరులో కాలు ఎక్కువ త్రొక్కుచున్నాడని ఆయన అరుగుమీదనుండి కేకవేసెను. ఆ పుస్తకము మా యింటి అటకపై ఇప్పటికిని కలదు; తెరచినచో డీజిలు వాసన వచ్చును.

ఈ పేట ఫలహారములను గూర్చి వ్రాయవలసినంత లేదు. ఉదయము పునుగులు వేడిగ దొరకును, చట్నీలో కారమెక్కువ. కొత్త లారీలను ఇంద్రకీలాద్రికి తీసికొనిపోయి పూజ చేయింతురు. చక్రములక్రింద నిమ్మకాయలు నలుగును.

చూడగోరువారు బందరు రోడ్డుమీద ఆటోనగర్ గేటు వద్ద దిగి లోనికి నడచి పోవలెను. పంపుల గది ఏదని ఎవరినడిగినను చూపుదురు. తెల్లచొక్కా వేసికొని పోవలదు.