చింతచెట్టు తొఱ్ఱలోని పట్టణము

గత వేసవి సెలవులలో నేను మా తాతగారి గ్రామమునకు బోయితిని. వారి పెరటిలో ముదుసలి చింతచెట్టొకటి కలదు. దాని తొఱ్ఱలో తేనెటీగలు పట్టు పెట్టినవి. దినదినమును వాని రాకపోకలను జూచుచుండగా నాకు తేనెపై నాశ పుట్టినది. అడిగినచో తాతయ్య వలదనునని యెఱిగి, ఆయన సంతకు బోయిన యొక సాయంకాలమున, ఎండుగడ్డి చుట్టకు నిప్పంటించి తొఱ్ఱ ముంగిట బట్టితిని.

ఈగలన్నియు గూటికి జేరిన వేళ యది. కొన్ని పొగకు లేచిపోయినవి. పెక్కులు రెక్కలు గాలి నేల రాలినవి. రెండు నన్ను గుట్టినవి. అయినను పట్లను గోసి పళ్లెమున నిడుకొని, విజయము సాధించిన వీరునివలె నింటిలోనికి నడచితిని.

తాతయ్య వచ్చి నన్ను గోపింపలేదు. ఒక పట్టును దీపమునొద్దకు దెచ్చి చూపెను. పైభాగమున మైనపు మూతల క్రింద తేనె కలదు. దాని దిగువ పుప్పొడి. అంతకు దిగువ గదికొక్కటిగా తెల్లని పిల్లపురుగులు చుట్టుకొని పరుండియున్నవి.

“నాయనా, తేనె కావలెనని కోసితివి, సరియే. ఈ యుయ్యెలలను గూడ కోసితి వేల?” అని యాయన యడిగెను. నాకు మాట రాలేదు.

ఆ రాత్రి తాతయ్య చెప్పగా నెన్నియో సంగతులు దెలిసికొంటిని. పట్టున కొకతె రాణి. గ్రుడ్లు పెట్టుట దాని పని. తక్కిన శ్రమయంతయు పనికత్తె యీగలది. అవి మొదట గదులను శుభ్రపఱచి పిల్లలకు మేత పెట్టును. పిదప తమ కడుపు క్రిందినుండి వెలువడు మైనపు పొరలను నోట నమలి గదులు గట్టును. కడపట పూవులకు బోవును. తెచ్చిన మకరందములోని నీటిని రెక్కలతో విసరి యార్చి తేనె గావించును. పని మిక్కుటముగా నున్న కాలమున నట్టి యీగ యాయువు సుమారు 6 వారములే. నన్ను గుట్టిన రెండును ముల్లు విడిచి యచ్చటనే ప్రాణములు గోల్పోయియుండును.

బడి తెఱచిన పిమ్మట మా విజ్ఞానశాస్త్రోపాధ్యాయుల నీ విషయమై యడిగితిని. సమాన వైశాల్యము గల గదులుగా స్థలమును విభజించుటకు ఆరు భుజముల యాకారమునకే తక్కువ గోడ చాలునని 1999లో థామస్ హేల్స్ అను గణితవేత్త నిరూపించెనట! అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అను మతబోధకుడు, ఈగలు తమ నడకకు సుమారు 9 మిల్లీమీటర్ల సందును మైనముతో బూడ్చక విడుచునని 1851లో గ్రహించి, ఆ కొలతను బట్టి, చట్రములను పైకి దీయదగిన పెట్టెను గల్పించెను. అట్టి పెట్టెలో పిల్లల పట్టును ముట్టక తేనె పట్టును మాత్రమే తీయవచ్చును. కొంచెము తెలిసికొని యుండినచో నా చేతులతో నంతటి నాశనము జరుగకుండెడిది గదా!

మిగిలిన యీగలు రెండు దినములు కొమ్మను బట్టి వ్రేలాడి, మూడవనాడు లేచిపోయినవి. సెలవులు ముగియులోపల తాతయ్యయు నేనును తొఱ్ఱలోని మసిని దుడిచి శుభ్రము చేసితిమి. నేను వ్రాయు ప్రతి యుత్తరములోను “ఈగలు వచ్చినవా?” యని యడుగుచున్నాను. “ఇంకను రాలేదు, గుమ్మడి తీగ మాత్రము పూచినది, నాయనా” యని మొన్న తాతయ్య వ్రాసినాడు.